ఎదురు బాణం

నేను ఒక రేకుని. నిజానికి నాలోంచి కోసి పారేసిన భాగమే నా బతుకు. సైకిలు ఆకారంలో ఒక ఖాళీ, దాని ముందు బాణం ఆకారంలో ఇంకో ఖాళీ. నన్ను రోడ్డు మీద పరిచి తెల్లరంగు పూస్తే, నాలో లేనిది కింద మిగులుతుంది. మనుషులు కూడా ఇలాగే పనిచేస్తారేమోనని నా అనుమానం.

నగరంలో సైకిళ్ళకు వేరే దారులు వేయాలని ప్రభుత్వం నిర్ణయించింది. సైకిలు తొక్కేవాళ్ళకు ఎంత చోటు చాలో కార్లలో తిరిగేవాళ్ళు తేల్చారు. వెల్డింగు షాపులో పుట్టిన నేను పెయింటరు బాజీ చేతికి వచ్చాను.

వెనక నుంచి వచ్చే బండి తనను తొక్కేస్తుందని బాజీకి భయం. కాలువ రోడ్డులో సైకిలు దారికి మోకాలెత్తు గట్టు కట్టారు గానీ, ఆ సంగతి అతని భయానికి తెలియదు. అందుకని వచ్చే లారీలకేసి తిరిగి కూర్చుని, నన్ను తన కళ్ళకు తిన్నగా కనబడేట్టు పరిచాడు. దాంతో బాణాలన్నీ ఎదురు దిక్కు చూపించాయి.

ఇంజనీరు పానకాలరావు వచ్చి చూసి నెత్తి పట్టుకున్నాడు.

"జనాన్ని బండ్లకు ఎదురు తోలుతున్నావేందయ్యా?"

"ఎనకమాల నాకు కళ్ళున్నాయా సార్? లారీ గుద్దితే ఎట్టా?"

"గట్టుందిగా!"

"గట్టున్నట్టు లారీకి తెలుసా సార్?"

మర్నాడే ప్రారంభోత్సవం. పెద్దవాళ్ళు రిబ్బను కత్తిరించి, ఫొటో కోసం నాలుగు గజాలు తొక్కి, కార్లెక్కి వెళ్ళిపోయారు. బాణాల వంక ఒక్కరూ చూడలేదు.

చూసింది మార్తమ్మ. ఆసుపత్రిలో ఆయా. ఆమె ఇల్లూ ఆసుపత్రీ రోడ్డుకు ఒకే పక్క ఉన్నాయి. కానీ పొద్దున వెళ్ళేటప్పుడు బండ్లు ఎదురొస్తాయి. రూలు ప్రకారమైతే రోడ్డు అవతలికి దాటి, మళ్ళీ ఇవతలికి దాటాలి. అలా దాటబోయే కిందటేడు కాలు విరగ్గొట్టుకుంది. అప్పట్నుంచీ ఆమె సైకిలు గోడకే ఆని ఉంది. బాణం ఆసుపత్రి వైపు చూపించాక, దాన్ని బయటికి తీసింది.

కొన్నాళ్ళకే బాణాలు దిద్దమని ఆర్డరు వచ్చింది. బాజీ నల్లరంగు డబ్బా మూత తీస్తుంటే ఆమె సైకిలు అడ్డం పెట్టింది.

"ఎవర్నడిగి చెరుపుతున్నావ్ బాజీ?"

"రూలంట అక్కా. నన్నేం చెయ్యమంటావు?"

"రూలు ప్రకారం దాటబోయే కదా ఈ కాలిరిగింది! గట్టు లోపల నే పోతుంటే ఎవడికి నొప్పి?"

బాజీ ఎదురొచ్చే లారీలకేసి కాసేపు చూశాడు. ఆమె సైకిలు నడిపించుకుంటూ వెళ్ళిపోయాక నల్లరంగులో ఇంకో చెంబు టర్పెంటాయిలు పోశాడు. పాత బాణాల మీద అదే పూశాడు. ఆరాక నన్ను రూలు ప్రకారం తిప్పి పరిచాడు.

తొలకరి వానలకే పలచటి నలుపు కొట్టుకుపోయింది. పాత బాణం, కొత్త బాణం ఒకదాని పక్కన ఒకటి తేలాయి. మళ్ళీ దిద్దే ఓపిక లేక, ఇది రెండు వైపులా వెళ్ళే దారి అని పానకాలరావు పైకి రాసి పంపాడు. మంచి ముందుచూపని పైవాళ్ళు మెచ్చుకున్నారు.

ఇప్పుడు రెండు బాణాల కొత్త రేకు వచ్చింది. దాన్ని ఎటు తిప్పి పరిచినా తప్పు కాదు. నేను కాలువ రోడ్డు పక్కనే పాతసామాన్ల గదిలో తుప్పు పడుతున్నాను. పొద్దున్నే కిటికీ అవతల ఒక బెల్లు ఆసుపత్రి వైపు వెళుతుంది.

బాజీ మాత్రం ఇప్పటికీ లారీలకేసి తిరిగే కూర్చుంటాడట.