నలుగురు గెస్టులు, ఒక వంటమనిషి

"కిచెన్ ఉందో లేదో ముందు సూడు. సముద్రం సంగతి తరవాత," అన్నాడు మా ఆయన.

ఆదివారం పొద్దున్న. నేను పెరట్లో కుళాయి దగ్గర పీట వేసుకుని నెత్తళ్లు బాగుచేస్తున్నాను. వేలెడంత చేప. ఒక్కోదానికీ తల తుంచాలి, పొట్ట తీయాలి, అరకిలో అంటే గంట పని, తినడానికి పది నిమిషాలు. ఆయన తన ఫోను తెచ్చి బకెట్ పక్కన గట్టు మీద పెట్టాడు. చేతులు నీచుగా ఉన్నాయన్నాను. "మెటికతో జరుపు," అన్నాడు. మెటికతో జరుపుతూ అండమాన్ చూశాను.

మా ఆయన పేరు సింహాద్రి, స్టీల్ ప్లాంటులో పని చేస్తాడు. కంపెనీ ఇచ్చే టూరు ఈసారి వాడుకోకపోతే పోతుందని తెలిసి, ఇంట్లో అందరం కూర్చుని అండమాన్ అనుకున్నాం. అందరం అంటే మావయ్య శ్రీరామ్మూర్తి గారు, అత్త పైడితల్లి, తొమ్మిదో తరగతి చదివే మా సత్యశ్రీ, మేమిద్దరం. మావయ్య పోర్టులో క్రేను నడిపి రిటైరయ్యారు. "ముప్పై ఏళ్లు ఓడల్లోకి సరుకెత్తేను గాని ఓ దీవి మొకం సూల్లేదు," అని ఆయనే తేల్చేశారు. ఇంక ఎక్కడ దిగాలన్నదే మిగిలింది. అది నా మీద పెట్టారు. "నీకలవాటే గదా, రోజూ సేసీదే," అన్నాడు సింహాద్రి.

అలవాటే. ఓడల ఏజెంటు ఆఫీసులో పన్నెండేళ్లుగా నా పని అదే. ఓడ దిగే వాళ్లకీ ఎక్కబోయే వాళ్లకీ ఊళ్లో గదులు చూసిపెట్టడం. అందుకే ఫొటోలు నన్ను బోల్తా కొట్టించలేవు. మంచం మీద తువ్వాలుతో హంసను చేసి పెట్టారంటే బాత్రూము చూపించదగ్గదిగా లేదని నాకు తెలిసిపోతుంది. ఏ కెప్టెనుకి మెత్తటి పరుపు పడదో, ఏ ఇంజనీరుకి కింద అంతస్తు కావాలో నోటికి చెప్పగలను. ఆఫీసుకి పెద్దవాళ్లెవరైనా వస్తే మాత్రం, "బిందు గారూ, టీలు మీరందిస్తే బాగుంటుంది," అంటారు మా మేనేజరు. గదులు చూసేటప్పుడూ నేనే, టీలు పట్టుకెళ్లేటప్పుడూ నేనే. పన్నెండేళ్లలో నాకోసం ఒక్క గదీ చూసుకోలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం, గిన్నెలయ్యాక, చూసుకున్నాను. నీల్ అనే చిన్న దీవిలో నాలుగు చెక్క గుడిసెలు. చుట్టూ కొబ్బరి చెట్లు, వాటి సందుల్లోంచి నీళ్లు. ఒక బెంగాలీ కుటుంబం నడుపుతోంది. భోజనం అందరికీ ఒకే పాకలో, వాళ్లు వండిందే. అన్నం, పప్పు, కూర, చేప. గదిలో కిచెన్ లేదు. ఒక ఫొటో దగ్గర ఆగిపోయాను. గుడిసె ముందు వరండా, వరండాలో ఒక పేము కుర్చీ. కుర్చీలో ఎవరూ లేరు. దాని పక్కన బకెట్ లేదు, తడిగుడ్డ లేదు, ఒలవాల్సిన చిక్కుడుకాయలు లేవు. ఊరికే ఉంది కుర్చీ. అంతసేపు ఒక కుర్చీని చూసినందుకు నాకే సిగ్గేసింది. పక్కనే కూర్చున్న అత్తకి చూపించాను. ఆవిడ కళ్లజోడు సర్దుకుని చూసి, "కుర్సీ బాగుంది," అంది.

సింహాద్రి ఒక్క ముక్కలో కొట్టేశాడు. "కిచెన్ లేదు గదా. నాన్నకి బయట కారం పడదు. అమ్మకి మన పప్పుచారు లేకపోతే ముద్ద దిగదు. ఇంకేటి సూత్తావు అందులో?"

ఆయన చూసుకున్నది వేరే ఉంది. ఆయనతో పని చేసే గోపి పోయినేడాది దిగిన ఇల్లు. పోర్ట్‌బ్లెయిర్ బజారు వెనక, రెండు బెడ్‌రూములు, పెద్ద కిచెన్, గ్యాస్ బండ. ఇంటాయన పలాస నుంచి వెళ్లి అక్కడ స్థిరపడ్డ మనిషి. "మనోడే బిందూ. ఇంట్లో ఉన్నట్టే ఉంటాది."

ఇంట్లో ఉన్నట్టు ఉండడానికి గోపాలపట్నంలో మా ఇల్లు ఉంది కదా. ఆ మాట పైకి అనలేదు. మా ఇళ్లల్లో టూరంటే అంతే మరి. సగం ఇల్లు కూడా వస్తుంది. పూరీ వెళ్లినప్పుడు కుక్కరు, ఇండక్షన్ పొయ్యి, చింతపండు, ఎండుమిర్చి, ఇంగువ డబ్బా, తాలింపు గరిటతో సహా పట్టుకెళ్లాం. తెల్లారి అందరూ సూర్యుడు పైకి రావడం చూద్దామని ఒడ్డుకి వెళ్లారు. వచ్చేసరికి ఉప్మా ఉండాలని నేను ఉండిపోయాను. ఆ టూరు ఫొటోలు నూట డెబ్భై ఉన్నాయి. వాటిల్లో ఒక దాంట్లో నా మోచెయ్యి ఉంది, ప్లేటు పట్టుకుని. "అమ్మ ఎక్కడుందో కనిపెట్టండి," అని సత్యశ్రీ దాన్ని అందరికీ చూపించేది.

మంగళవారం సింహాద్రి పలాసాయనకి ఫోను చేసి మాట్లాడాడు. బుధవారం సాయంత్రం ఆయన దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. మేమంతా హాల్లో టీలు తాగుతున్నాం. సింహాద్రి పైకి చదివాడు.

"నమస్తే సార్. మీరు చెప్పినట్టే రాసుకున్నాను. నలుగురు గెస్టులు, ఒక వంటమనిషి. రెండు బెడ్‌రూములు రెడీగా ఉంచుతాం. వంటమనిషికి కిచెన్‌లో చాప, దుప్పటి ఇస్తాం. ఆదివారంలోగా ఖాయం చెయ్యండి."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఇల్లు ఎగిరిపోయేలా నవ్వారు. సత్యశ్రీకి ఎక్కిళ్లు వచ్చాయి. మావయ్య కళ్లు తుడుచుకున్నారు.

"అయినా మీరేం చెప్పారు ఆయనకి?" అన్నాను.

"ఏటి సెప్తాను? వంటకి మనిషి మాతోనే వత్తాది, నువ్వు గేస్ బండ సూసుకో సాలు అన్నాను. ఆడలగ రాసీసుకున్నాడు." మళ్లీ నవ్వాడు. "సూడు బిందూ, దీవిలో కాలెట్టకముందే నీకు ఉజ్జోగం వచ్చీసింది."

నేనూ నవ్వాను. దానికే నాకు ఒళ్లు మండింది. ఆయన అన్నందుకు కాదు, నేను నవ్వినందుకు. పెళ్లయిన ఈ పందొమ్మిదేళ్లుగా ఇలాంటి మాటలకి నా మొహం దానంతటదే నవ్వేస్తుంది. "సరిచేసి మెసేజ్ పెట్టండి," అన్నాను, నవ్వు ఆపి. "ఎందుకే? ఎల్లినాక నిన్ను సూత్తే ఆడికే తెలుత్తాది," అన్నాడు. ఆ పలాసాయన్ని ఏమనగలను? విన్నది విన్నట్టు రాసుకున్నాడు. వండేది, అందరూ తిన్నాక తినేది, పక్క వేసుకోవడానికి చోటు అడగనిది ఎవరంటే ఎవరైనా అదే అనుకుంటారు.

అత్త మాత్రం నవ్వలేదు. టీ గ్లాసు కింద పెట్టి అంది. "సాప ఇత్తానన్నాడా? నయమే. నాకు రామేస్సరంలో గోనిపట్టా ఇచ్చినారు."

ఎవరూ పట్టించుకోలేదు. నా చెవిలో ఆ మాట ఉండిపోయింది.

మర్నాడు ఆఫీసులో ఒక ఓడ నుంచి దిగిన వాళ్ల పని పడింది. అందులో ఒకాయన ఓడలో వంట చేసే ఎల్లారావు. సోంపేట వైపు మనిషి, యాభై ఉంటాయి. కాగితాలు పూర్తి కాలేదు కాబట్టి ఒక రోజు ఊళ్లో ఉండి వెళ్లాలి. గది ఎలాంటిది కావాలని అందరినీ అడిగినట్టే అడిగాను. కాసేపు నసిగాడు.

"అమ్మా, ఒకటడిగితే ఏటనుకోకండి. హోటల్లో కిచెన్‌కి దూరంగా ఉన్న గది ఇప్పించండి. తొమ్మిది నెలలు ఇరవై మందికి మూడు పూటలా వండేను. తాలింపు వాసనొత్తే పడుకున్నా సరే సెయ్యి లేసిపోతాది."

నేను హోటలుకి అదే మాట రాశాను. వాళ్లు సరేనన్నారు. ఎవరూ నవ్వలేదు. మా మేనేజరు ఆయన భుజం తట్టి, "పాపం, బాగా అలిసిపోయావు," అన్నారు.

"ఇంటికెళ్లాక వంట చేస్తారా?" అని అడిగాను.

"అమ్మమ్మ! నెల్రోజులు గరిట ముట్టను. మా ఆవిడ ముట్టనివ్వదు. కష్టపడొచ్చినోడివి, కూకో అంటాది."

సంతోషంగా చెప్పాడు. మంచి మనిషి. ఆయన వెళ్లిపోయాక చాలాసేపు ఆయన భార్య గురించి ఆలోచించాను. తొమ్మిది నెలలకి ఆయనకి సెలవుంది, కూకో అనే మనిషుంది. ఆవిడని కూకో అనేదెవరు? మళ్లీ నా సంగతి గుర్తొచ్చింది. నాకు ఆదివారమంటే నెత్తళ్లు. టూరంటే ఊరు మారిన పొయ్యి. నాకేమీ పెద్ద కోరిక లేదు. ఆరు రోజులు ఎవరో వండితే కూర్చుని తినాలి. పందొమ్మిదేళ్లలో అది ఒక్కసారీ అడగనందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

శనివారం సాయంత్రం ఇంటికొచ్చేసరికి అత్త టూరు సామాను మొదలెట్టేసింది. ప్రయాణం ఇంకా ఇరవై రోజులుంది. హాలు మధ్యలో అటక మీంచి దించిన కుక్కరు, ఇండక్షన్ పొయ్యి. ఆవిడ నేల మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. నేనూ పక్కన కూర్చుని చెయ్యి కలిపాను.

"అత్తా, రామేశ్వరం ఎలా ఉంటుంది?"

"ఎలగుంటాది." ఆలోచించింది. "సత్రం ఎనకాల కుళాయి. ఉప్పు నీళ్లు. ఆ నీళ్లతో ఎంతసేపెట్టినా పప్పుడకదు. గాలొకటి, పొయ్యి నిలవనీదు. బస్సంతా మనోళ్లే, ముప్పై మంది. వంటకి నానూ, ఇంకో ఇద్దరాడోళ్లం. పొద్దున్న లేసింది మొదలు..."

"గుడి?"

"గుడి పెద్దదంట. స్తంబాలు శానా ఉంటాయంట. మీ మావయ్య సెప్తుండేవోరు."

"నువ్వు చూడలేదా?"

"ఎల్లేనే. మూసీసీ యేలకి ఎల్లేను. దణ్ణమెట్టీసి పరిగెట్టుకొచ్చీసేను. పప్పు పొయ్యి మీదుండిపోయింది మరి." తనే నవ్వింది. "కాసీలో గదికి కిటికీ లేదు, పొగ. తిరపతిలో బియ్యం మంచియి దొరికినాయి," అంది.

ఆవిడ కాశీ చూసింది, రామేశ్వరం చూసింది, తిరుపతి ఎన్నోసార్లు చూసింది. ఆవిడకి గుర్తున్నది మాత్రం ఏ ఊళ్లో నీళ్లెలా ఉంటాయి, పొయ్యెలా మండుతుంది. నాకు భయం వేసింది, దాచుకోవడమెందుకు. ఇంకో ఇరవై ఏళ్లకి సత్యశ్రీ పిల్లలెవరో అండమాన్ ఎలా ఉంటుందని అడిగితే, గ్యాస్ బండ నిండుగానే ఉండేది, సింకు ఎత్తుగా ఉండేది అని చెబుతాను. నా పక్కన కూర్చుని గింజలు తీస్తున్నది మా అత్తేనా, నేనేనా అనిపించింది.

చేతులు కడుక్కుని ఫోను తీశాను. నీల్ దీవికి ఫోను కలిపి హిందీలో మాట్లాడాను. ఆఫీసులో ఎవరికో మాట్లాడినట్టే అన్నీ అడిగాను. కారం తక్కువ వేయగలరా, పెద్దాయనకి మెత్తటి అన్నం దొరుకుతుందా, మెట్లున్నాయా. అటు మాట్లాడినావిడ అన్నిటికీ ఔనంది. పప్పు పుల్లగా కావాలంటే చింతపండు వేస్తామంది. ఎంతమంది గెస్టులని అడిగింది. "ఐదుగురం," అన్నాను. అత్త గింజలు తీయడం ఆపి నన్నే చూస్తోంది. రెండు గుడిసెలు ఖాయం చేశాను. తర్వాత పలాసాయనకి కూడా ఒక మెసేజ్ పెట్టాను.

సింహాద్రి బజారు నుంచి వచ్చి చెప్పులు విప్పుతుండగా చెప్పేశాను. ఇంకాసేపు ఆగితే నా మొహం మళ్లీ నవ్వేస్తుందని తొందరపడ్డాను.

"రూములు బుక్ చేశాను. నీల్ దీవిలో."

"కిచెన్?"

"లేదు."

"నీకేటి, మతి గాని పోయిందా? మరి నాన్న తిండి? అమ్మ తిండి? ఆరు రోజులు మెస్సు తిండేటి? పలాసోడికి మాటిచ్చేను గదా, ఆడికేటి సెప్పను?"

"మావయ్య తిండి మాట్లాడేశాను. అత్త పప్పు కూడా మాట్లాడేశాను. మీ నలుగురికీ పోర్ట్‌బ్లెయిర్ ఇల్లే నచ్చితే అక్కడే దిగండి. ఆయన ఎదురు చూస్తున్నాడు. వంటమనిషి మాత్రం రాదని ఆయనకి చెప్పేశాను."

ఈసారి నా మొహం నవ్వలేదు. నాకే ఆశ్చర్యంగా ఉంది. మావయ్య పేపరు మడిచి ఒళ్లో పెట్టుకున్నారు. సత్యశ్రీ తలుపు దగ్గర నిలబడి నన్ను కొత్తగా చూస్తోంది. సింహాద్రి వాళ్లమ్మ వైపు తిరిగాడు.

"అమ్మా, సూసేవా దీని మాటలు? నువ్వైనా సెప్పు."

అత్త ఒళ్లో ఉన్న చింతపండు పళ్లెం పక్కన పెట్టింది. మోకాళ్లు పట్టుకుని మెల్లగా లేచింది. కుక్కరు, దాని మీద ఇండక్షన్ పొయ్యి పెట్టి, రెండూ కలిపి ఎత్తి కొడుకు చేతుల్లో పెట్టింది.

"అటక మీదెట్టీరా," అంది. తర్వాత నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది.

"కోడలా, ఆ బొమ్మలో కుర్సీ ఒకటే ఉందేటే?"

"గుడిసెకొకటి అత్తా. నీకొకటి, నాకొకటి."