ఆరు ఆరు పదకొండు

పెదాల మధ్య గుండుసూదులు బిగించుకుని నేను "పాపను పట్టుకో" అన్నాను. మా ఆవిడకు అది "టేపు పట్టుకురా" అని వినిపించింది. కొలతల టేపు తెచ్చి నా మెడలో వేసి, "ఎదురుగా ఉన్నదీ కనబడదు మీకు" అంటూ మళ్ళీ కాజాలు కుట్టడానికి కూర్చుంది.

తప్పు ఆవిడది కాదు. ముప్ఫై ఏళ్ళుగా దర్జీని. అంచు మడిచేటప్పుడు సూదులు పెదాలతో పట్టుకోవడం నా పద్ధతి. ఎప్పుడూ ఆరే. ఆ కాసేపే మా ఇంట్లో నిశ్శబ్దం. మిగతా వేళల్లో బట్టలు కుడుతూనే మాటలతో మనుషుల్నీ కుడుతుంటాను. "ఆ నోరు కూడా కుట్టేసుకోకూడదూ!" అని మా ఆవిడ రోజూ దీవిస్తుంది.

ఆ ఉదయం ఎవరిదో గౌను అంచు మడుస్తూ తల తిప్పితే, కత్తిరింపు బల్ల మీద మా మనవరాలు. నాలుగేళ్ళది. గుండ్రంగా ఉంటుందని బొత్తం అంటాం. పక్కనే సూదుల పళ్ళెం. పిల్ల పెదాల మధ్య వరుసగా సూదులు! అచ్చం నాలాగే ఒక కన్ను మూసి, ఒక పీలికను శ్రద్ధగా మడుస్తోంది.

గుండుసూదులు కావవి, గుండెసూదులు. అరిస్తే పిల్ల ఉలిక్కిపడుతుంది. ఉలిక్కిపడితే గుటక వేస్తుంది. వేస్తే... ఆపైన నా ఆలోచన సాగలేదు. నేను తుమ్మితే వీధి చివరివాళ్ళు తలుపు తీస్తారు. అలాంటి గొంతును అణుచుకుని, మెల్లగా పాపను పట్టుకోమన్నాను. దక్కింది టేపు.

ఈసారి చేతులతో సైగ చేశాను. "ఇస్త్రీపెట్టె వేడెక్కలేదండీ" అంది ఓరకంట చూసి, తలెత్తకుండానే.

అడుగులో అడుగు వేసుకుంటూ బల్ల దగ్గరికి వెళ్ళాను. బొత్తం నన్ను చూసి నవ్వబోయింది. సూదులు ఊగాయి. నా ప్రాణం వాటి చివర ఊగింది. ఈ పిల్ల నేనేం చేస్తే అదే చేస్తుంది కదా అని తట్టింది. వంగి, పెదాలు మెల్లగా వదిలాను. నావి ఒకటీ రెండూ రాలాయి. పిల్ల కూడా వంగింది. దానివీ రాలుతున్నాయి.

అప్పుడు తలెత్తింది మా ఆవిడ.

"ఓరి నాయనో!"

ముగ్గురం ఒక్కసారే ఎగిరిపడ్డాం. మిగిలిన సూదులన్నీ నేల మీద చిటపటలాడాయి. వాటి మధ్య గుటక చప్పుడొకటి స్పష్టంగా వినిపించింది.

అయస్కాంతంతో నేలంతా ఊడ్చాం. పదకొండు. బల్ల కింద, చాప కింద, పిల్ల గౌను మడతల్లో, నోట్లో వేలు పెట్టి మరీ వెతికాం. పదకొండే.

"ఎన్ని పెట్టుకున్నావే తల్లీ?"

"తాతయ్యలాగే. ఆరు" అంది బొత్తం, రెండు చేతుల వేళ్ళూ కలిపి చూపిస్తూ.

ఆస్పత్రికి మా అమ్మాయి ఆఫీసు నుంచి నేరుగా వచ్చేసింది. పిల్లను ఎత్తుకుని నన్ను చూసిన చూపు సూది కాదు, దబ్బనం.

"నాన్నా, పిల్ల ముందు అవి నోట్లో పెట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాను?"

ఎన్నిసార్లో నాకు తెలుసు. ప్రతిసారీ ఏదో జోకు అతికించి తప్పించుకున్నాను. ఇప్పుడు అతకడానికి ఒక్క ముక్క దొరకలేదు.

"ఎవరూ కంగారు పడకండి!" అన్నాను.

నర్సు పరుగున వచ్చింది. "ఎవరండీ ఆ అరుస్తున్నది?"

"నేనే. వీళ్ళకు ధైర్యం చెబుతున్నాను."

"కొంచెం మెల్లగా చెప్పండి. ఆ గదిలో పేషంట్లు లేచి కూర్చున్నారు."

పిల్లను ఎక్స్‌రే గదిలోకి తీసుకెళ్ళారు. తలుపు మూసుకుంది. జేబులో చెయ్యి పెడితే దారపు ఉండ తగిలింది. దారం ఉంది, ఆధారమే లేదు. అరగంటలో గోడ మీది పెచ్చులన్నీ లెక్కపెట్టాను. అవీ ప్రతిసారీ ఒకటి తక్కువే వచ్చాయి.

డాక్టరమ్మ బయటికొచ్చింది. "రెండు ఫొటోలు తీశాం. పాప లోపల ఏమీ లేదు."

మా అమ్మాయి గోడకు ఆనుకుని బావురుమంది. మా ఆవిడ మాత్రం వేళ్ళు మడుస్తూనే ఉంది. "ఆరూ ఆరూ పన్నెండు. మరి పన్నెండోది ఏదమ్మా?"

"మిగతా ఆరు ఎవరి నోట్లో ఉన్నాయి?" అంది డాక్టరమ్మ.

అందరూ నావైపు తిరిగారు.

"గుటక చప్పుడు విన్నామన్నారుగా. ఎవరు వేశారు?"

నా చెయ్యి దానంతటదే పొట్ట మీదికి వెళ్ళింది.

పావుగంట తర్వాత డాక్టరమ్మ నా ఫొటో వెలుతురుకు పట్టి, వరండాలో అందరికీ వేలితో చూపించింది. "ఇదిగో మీ పన్నెండోది. పాప తనవన్నీ బుద్ధిగా వదిలేసింది. అమ్మమ్మ అరుపుకి గుటక వేసింది ఈయన. ఆ చప్పుడు పాపదనుకున్నారు మీరంతా." తర్వాత నాతో అంది: "సూది కడుపులో ఉంది. గొట్టం వేసి తీస్తాం. అప్పటిదాకా ఏమీ తినకండి, తాగకండి. ముఖ్యంగా కంగారు పడకండి."

నన్ను చక్రాల మంచం మీద పడుకోబెట్టారు. పైన దీపం, చుట్టూ మా వాళ్ళ ముఖాలు. మా అమ్మాయి కోపం ఏమైందో గానీ, నా పాదం గట్టిగా పట్టుకుని వదలడం లేదు. బొత్తం నా చెవి దగ్గరికి వంగింది.

"తాతయ్యా, గుటక వెయ్యకేం."

అప్పటిదాకా ఆ ధ్యాసే లేదు. ఒక్కసారిగా నోటి నిండా నీరు ఊరింది.