రెండు మాటల తప్పు

ప్రెస్సులో అందరికీ ఆమె టైపింగ్ వదిన. పన్నెండేళ్లుగా వారపత్రికకు సీరియళ్లు కొడుతోంది. తారుమారైన కవలలు, మారిపోయిన వీలునామాలు, పెళ్లిపీటల మీద పేలిన తుపాకులు, అన్నీ ఆమె వేళ్ల మీదుగా పోయినవే. ప్రతి భాగం చివరా ‘ఇంకా ఉంది’ అని కొట్టడం, టీ తాగడానికి లేవడం. చేతికి అంతగా అలవాటైపోయింది.

అలాంటి వదినకు కథ రాయాలని బుద్ధి పుట్టింది. రాస్తే రాసింది, తమ వారపత్రికకే ఇచ్చుకోవచ్చుగా? ఊహూ! అదే ప్రెస్సులో మూడు నెలలకోసారి అచ్చయ్యే సాహిత్య పత్రికలోనే పడాలట. దాని సంపాదకుడికి ప్రెస్సువాళ్లు పెట్టిన పేరు గంభీరంగారు. ఆయన నవ్వగా చూసినవాళ్లు లేరు. వదిన మూడు కథలిస్తే మూడూ తిప్పి పంపారు. మూడింటి మీదా ఒకటే మాట: ‘సీరియల్ వాసన వేస్తోంది.’

“ఇదీ తిరిగొస్తే ఇక కథల జోలికి పోను” అని అత్తగారి ముందు ఒట్టేసి నాలుగోది మొదలుపెట్టింది.

“సీరియల్లో తర్వాత ఏం జరుగుతుందా అని చూస్తామమ్మా. కథలో మనిషికి లోపల ఏం జరిగిందా అని చూస్తాం” అని గంభీరంగారు ఒకసారి చెప్పారు. వదిన ఆ మాట పట్టుకుని కోతకు దిగింది. తుపాకీ తీసేసింది. కవలల్లో ఒకదాన్ని తీసేసింది, తోడు లేకుండా అదేం చేస్తుందని రెండోదాన్నీ తీసేసింది. విలన్‌ను తీసేటప్పుడు మాత్రం ప్రాణం ఉసూరుమంది, ఎంతో ముచ్చటపడి పెట్టిన మీసం మరి! చివరికి మిగిలింది ఒక ముసలావిడ, ఒక బీరువా, పోయిన మొగుడి చొక్కా. ఆవిడ బీరువా తెరిచి, చొక్కా తీసి, ముక్కుకి ఆనించుకుంటుంది. అంతే కథ.

గంభీరంగారు ఒప్పుకున్నారు! వదిన కాళ్లు నేల మీద నిలవలేదు. తన కథ తనే టైపు చేసుకుంది, ప్రూఫు కూడా తనే చూసుకుంది. పత్రిక అచ్చై, కాపీలు పోస్టులో వెళ్లిపోయాయి.

రెండు రోజుల తర్వాత పొద్దున ప్రెస్సులో టీ తాగుతూ పత్రిక తెరిచింది. టీ కాస్తా పొలమారింది.

‘ఆమె చొక్కాని ముక్కుకి ఆనించుకుంది. ఇంకా ఉంది.’

కొంప మునిగింది! సీరియల్ వాసన కాదు, ఏకంగా సీరియల్ ముద్రే పడింది. వేసిన ఒట్టు గుర్తొచ్చి ఏడుపొచ్చింది. అంతలో గుమ్మంలో గంభీరంగారు. వదిన గబగబా కాగితం కట్టల వెనక నక్కింది.

“ఇలా రామ్మా. ఈ చివరి రెండు మాటలు నువ్విచ్చిన రాతప్రతిలో లేవే?”

“నేను రాయలేదండీ. వేళ్లే కొట్టేశాయి.”

“వేళ్లే!” ఆయన ఓసారి కళ్లు మూసుకుని, మెషీన్ దగ్గరివాళ్ల వైపు తిరిగారు. “విన్నారటయ్యా? తను రాయలేదట, వేళ్లే రాశాయట! చొక్కాలో ఆయన వాసన ఇంకా ఉందని రెండే రెండు మాటల్లో! అబ్బబ్బ!”

“అయ్యో కాదండీ, అదేదో అలవాటుగా...”

“అలవాటే కావాలమ్మా! కళంటే మరేమిటి?”

అని ఆయన పకపకా నవ్వారు. మెషీన్‌మన్ హడలిపోయి మెషీన్ ఆపేశాడు. అది చూసి వదినకు నవ్వాగలేదు, కాగితం కట్ట మీద కూలబడి కడుపు పట్టుకుని నవ్వింది.

సాయంత్రం ఇంట్లో అత్తగారు పత్రిక పట్టుకు కూర్చుంది. ఆవిడ సీరియళ్లు తప్ప ముట్టదు.

“ఇంకా ఉందని వేశావు. తర్వాతి భాగమేదే?”

“అదే ఆఖరు, అత్తయ్యా.”

అత్తగారు లేచి లోపలికెళ్లింది. బీరువా తలుపు కిర్రుమంది. కాసేపటికి మామగారి నీలం చొక్కాతో తిరిగొచ్చింది.

“నా బీరువాలోంచే కొట్టేశావన్నమాట కథ!”

వదిన తల దించుకుంది.

“పైగా అబద్ధం రాశావు. ఎక్కడుందే? ఆయన వాసన ఎప్పుడో పోయింది. కలరా ఉండల కంపు తప్ప ఏం లేదు.”

వదినకు పొద్దుటి నవ్వంతా ఎగిరిపోయింది. “తప్పైపోయింది అత్తయ్యా. ఆ రెండు మాటలూ పొరపాటున పడ్డాయి. గంభీరంగారితో చెప్పి వచ్చే సంచికలో సవరణ వేయిస్తాను...”

“నోర్ముయ్యి” అంది అత్తగారు, చొక్కాని మళ్లీ ముక్కుకి ఆనించుకుని. “అచ్చులో ఉందన్నాక ఉన్నట్టే. రేపు ఇంకో కాపీ పట్రా, దీనితోపాటు బీరువాలో పెట్టుకుంటాను.”