నిటారుగా ఇచ్చిన కొలతలు

మా తమ్ముడి పికప్పు సంగతి ఎవరడిగినా మా ఆయన ముందుకొచ్చి చెప్పేస్తాడు. అంతా వెల్డరు చలవే అంటాడు. వెల్డరు లేకపోతే పని జరిగేది కాదు, ఒప్పుకుంటాను. కానీ ఆ బండి మొదటిసారి ఎందుకు కుదరలేదో, తర్వాత ఎలా కుదిరిందో మా ఆయనకు తెలియదు. ఆ రెండుసార్లూ ఆయన సోఫాలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. అందుకని నేనే చెబుతున్నాను.

నేను దర్జీని. ఇంటి ముందుగదిలో మిషను, కత్తిరింపుల బల్ల, నిలువుటద్దం. ఆ గదికి ఆనుకునే రేకుల షెడ్డు. అందులో మా స్కూటరు ఉండేది. తమ్ముడు పాత ఇనుము కొట్లో ఈ పికప్పును చూసి మనసు పారేసుకుని, తాడు కట్టి లాక్కొచ్చి షెడ్డులో పెట్టాక స్కూటరు వానలో తడవడం మొదలైంది. బండి వయసులో వాడికంటే పెద్దది. గుండ్రటి ముక్కు, గుడ్లు మిటకరించినట్టుండే దీపాలు, చెక్కపలకలు పరిచిన తొట్టి. లోపల కూర్చుని కాళ్ళ దగ్గర చూస్తే షెడ్డు నేల కనబడేది, తుప్పు అంతలా తినేసింది. "దీన్ని బాగుచేయించడంకంటే ఇంకో బావమరిదిని వెతుక్కోవడం తేలిక" అన్నాడు మా ఆయన.

అప్పట్లో వాడు గాజుపలకల కొట్లో సరుకు బండి తోలేవాడు. ఓ రోజు సరుకు దించుతుంటే పలకల కట్ట జారి ఎడమకాలి మీద పడింది. కాలు దక్కింది గానీ మోకాలి కింద పట్టు పోయింది. చేతికర్రతో నడుస్తాడు. ఆ దెబ్బకి నడుమూ బెణికింది గానీ, అది నయమైపోయిందనేవాడు. కుడికాలు భేషుగ్గా ఉంది కాబట్టి బ్రేకు, యాక్సిలరేటరు తొక్కగలడు. క్లచ్చు మాత్రం తొక్కలేడు. క్లచ్చు తొక్కలేనివాడికి ఏ కొట్టువాడు బండి ఇస్తాడు?

అప్పటినుంచి వాడు మా ఇంట్లోనే ఉంటున్నాడు. ఆస్పత్రికైనా, క్షవరానికైనా, స్నేహితుడి ఇంటికైనా నా వెనక స్కూటరెక్కాలి. అడగడానికి ముందు నా గది గుమ్మం దగ్గర కాసేపు నిలబడేవాడు. నేను మిషను ఆపేదాకా ఆగి, "అక్కా, నీకు తీరికైతే..." అని మొదలుపెట్టేవాడు. చిన్నప్పుడు నా జడ పట్టుకు లాగి మరీ పని చేయించుకున్నవాడు. వాడు అలా బితుకుబితుకుమంటూ నిలబడడం నేను చూడలేకపోయేదాన్ని.

"నీ బండి నువ్వే తోలతావు" అన్నాను ఓ పొద్దున. "కాలితో కాకపోతే చేత్తో."

"పొద్దున్నే నేనే దొరికానా అక్కా?"

"మోటారు సైకిలుకి క్లచ్చు చేతిలోనే ఉంది కదరా. దీనికెందుకుండదు?"

వెనకవీధి వెల్డరును పిలిపించాను. నాకు బాబాయి వరస కాదు గానీ బాబాయనే పిలుస్తాను. ఆయన బండి కిందికి దూరి, చాలాసేపటికి బయటికొచ్చి, బట్టలు దులుపుకున్నాడు. "గేరు రాడ్డుకే ఓ పిడి బిగిద్దాం. వేళ్ళతో పిడి నొక్కితే కింద తీగ లాగి క్లచ్చు విడిపిస్తుంది. అదే అరచేత్తో గేరు తోసుకోవచ్చు. కానీ అమ్మాయ్, పాత బండి, క్లచ్చు మొండిది. చెయ్యి మరీ చాచాల్సి వస్తే వేళ్ళలో బలముండదు. కొలత తేడా వస్తే నన్ననకు."

"కొలతల గురించి నాకు చెబుతున్నావా బాబాయ్?" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

ఇక పనిలో పడ్డాం. వెల్డరు తుప్పుపట్టిన నేలంతా కోసేసి కొత్త రేకు అతికాడు. తమ్ముడు స్టూలు మీద కూర్చుని తీగ బ్రష్షుతో తలుపులు గీకాడు, గరుకుకాగితంతో రుద్దాడు, తుప్పు ఆగడానికి ఎర్ర పూత వేశాడు. కార్బ్యురేటరు విప్పి కిరసనాయిల్లో ముంచి కడిగి నా కత్తిరింపుల బల్ల మీదే ఆరబెట్టాడు. ఒక పెళ్ళికొడుకు సూటుకు ఆ వాసన పట్టి, నేను దానికి సంజాయిషీ చెప్పుకోలేక చచ్చాను. సీటు నాది. స్ప్రింగులు బిగించి, స్పాంజి కోసి, గోధుమరంగు రెక్సిను మీద జంట కుట్టు వేశాను. మిషను సూదులు పటపటా విరిగాయి. చివరికి చెప్పులు కుట్టే ఆరెతో చేత్తో కుట్టాను. ఇంజను మొదటిసారి లేచినప్పుడు వదిలిన పొగకు దండెం మీది మా ఆయన చొక్కాలన్నీ బూడిదరంగుకు తిరిగాయి. ఆ రోజు అందరం చాలా సంతోషంగా ఉన్నాం, ఆయన తప్ప.

తర్వాత వాణ్ణి సీట్లో కూర్చోబెట్టి టేపు పట్టాను. భుజం నుంచి మోచేయి, మోచేయి నుంచి పిడికిలి, వీపు నుంచి రాడ్డు. వెల్డరు ఆ లెక్కనే రాడ్డు వంచి పిడి బిగించాడు. మీద నీలం రంగు కొట్టించాం. కొత్త పెళ్ళికూతురిలా తయారైంది బండి.

వాడు ఎక్కాడు. స్టార్టు చేశాడు. పిడి నొక్కి మొదటి గేరులోకి తోశాడు. ఇనుము ఇనుమును కొరికినట్టు చప్పుడు. మళ్ళీ తోశాడు, మళ్ళీ అదే. రివర్సు మాత్రం పడుతుంది, అది వాడి వైపు లాక్కునే గేరు. ముందుకు తోసేదేదీ పడదు. పడినా బండి ఎగిరిపడి ఆగిపోతుంది. రోజూ ఇదే తంతు. "నా వేళ్ళలో బలం లేదక్కా" అన్నాడు. రబ్బరు బంతి తెచ్చి పిసకమన్నాను. వాడు బుద్ధిగా పిసికాడు. వెల్డరు కింద తీగ బిగువు మార్చాడు. ఏం మారలేదు. నేనే ఎక్కి కూర్చుని నొక్కి చూస్తే గేరు వెన్నలా పడింది. దాంతో నాకు తిక్క రేగింది. లోపం బండిలో లేదు, వీడి గుండెలో ఉంది, వీడు భయపడుతున్నాడు అనుకున్నాను. అనుకుని ఊరుకున్నానా, వీధంతా వినేలా అన్నాను.

ఆ సాయంత్రం వాడు గుమ్మం దగ్గర నిలబడి, "బండి అమ్మేస్తానక్కా" అన్నాడు. "హోటలాయన అడుగుతున్నాడు. గేటు ముందు పెట్టి తొట్టిలో పూలమొక్కలు పెంచుతాడట."

"పూలమొక్కలా?"

"వచ్చేవారం వాహనాల ఆఫీసులో మార్చిన బండికి తనిఖీ ఉంది కదా. అక్కడ ఎత్తు మీద ఆపి, వెనక్కి జారకుండా మళ్ళీ ఎక్కించాలి. ఒక్కసారి చూస్తా. కుదరకపోతే హోటలాయనకి ఇచ్చేస్తా. గిడ్డంగిలో గేటు దగ్గర కూర్చునే ఉద్యోగం ఉందంటున్నారు, అందులో చేరిపోతా. నువ్వు తీసుకెళ్ళి దింపేసి, సాయంత్రం తెచ్చుకుంటే చాలు."

దింపేసి తెచ్చుకుంటే చాలట. బడిపిల్లాడిలా.  

మర్నాడు ఓ లాయరుగారు కోటుకు కొలతలివ్వడానికొచ్చారు. పెద్ద పొట్ట. టేపు తీయగానే ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి లాక్కుని, ఛాతీ విరుచుకుని నిలబడ్డారు. ఆయనొక్కరే కాదు, టేపు దగ్గరికొస్తే లోకమంతా అలాగే నిలబడుతుంది. ఆ కొలతతో కుడితే ఇంటికెళ్ళాక బొత్తాలు పట్టవు. అందుకే నేనెప్పుడూ ముందు మాటల్లో పెడతాను. వాళ్ళకు ఒళ్ళు మండే విషయం ఒకటి కదిపితే చాలు. "మీ ఇంట్లో అద్దెకున్నాయన ఖాళీ చేశాడా సార్?" అన్నాను. లాయరుగారు అందుకున్నారు. తిట్టుకుంటూ తిట్టుకుంటూ భుజాలు వదిలేశారు, పొట్ట దాని చోటికది వచ్చేసింది. నేను ఆయన నడుముకి టేపు చుట్టాను.

అప్పుడు కిటికీలోంచి షెడ్డు కనబడింది. తమ్ముడు స్టూలు మీద ఒక్కడే కూర్చున్నాడు. ఎవరూ చూడటం లేదనుకున్నాడు. నడుం వంగిపోయి ఉంది. ఎడమభుజం వెనక్కి, కిందికి దిగజారి ఉంది. చెయ్యి ఒళ్ళో వాలిపోయి ఉంది. నేను ఎన్నడూ చూడని మనిషిలా ఉన్నాడు. "ఒరేయ్" అని పిలిచాను. చటుక్కున నిటారుగా కూర్చుని, "ఏంటక్కా" అంటూ నవ్వాడు.

నా చేతిలోంచి టేపు జారిపోయింది.

"ఏమ్మా, నా నడుం అంతుందా?" అన్నారు లాయరుగారు.

దెబ్బ తగిలిన నాటినుంచీ వాడు నా ముందు వంగి కూర్చోగా నేను చూడలేదు. భోజనం దగ్గర నిటారుగా, ఆస్పత్రి బల్ల మీద నిటారుగా, స్కూటరు వెనక కర్రలా నిటారుగా. నా కోసమే కూర్చున్నాడు అలా. నేను టేపు పట్టినప్పుడూ అలాగే కూర్చున్నాడు. ఊరివాళ్ళందరి ఊపిరీ వదిలించి కొలతలు తీసే నేను, నా తమ్ముడే కదా అని వాడు ఇచ్చిన కొలతను ఇచ్చినట్టే రాసుకున్నాను. బండి తోలేటప్పుడు వాడి ధ్యాస దారి మీదికి పోతుంది, నడుం దాని దారిన అది వంగుతుంది, భుజం వెనక్కి పోతుంది, రాడ్డు అందడానికే చెయ్యంతా చాచాలి. ఇక వేళ్ళలో బలమెక్కడుంటుంది?

నాకు ఏడుపొచ్చింది. ఆ వెంటనే కోపమూ వచ్చింది. కోపంతో పని జరుగుతుంది కాబట్టి దాన్నే ఉంచుకున్నాను.

లాయరుగారిని పంపేసి, సీటు కుట్లు చూడాలన్న వంకతో వాణ్ణి బండెక్కించాను. పక్కన నేనూ కూర్చున్నాను. టేపు నా వేళ్ళకు చుట్టుకుని ఉంది.

"నిజం చెప్పాలంటే" అన్నాను, "నీకంటే మీ బావే నయంగా తోలతాడు."

"ఎవరు, బావా?" వాడు నా వైపు తిరిగాడు. "బావ స్కూటరు స్టాండు వేయడానికే ఇద్దరు మనుషులు కావాలి."

"కారు తోలాడుగా ఓసారి."

"తోలాడా? పెళ్ళివారి కారును తీసుకెళ్ళి పెంటకుప్ప మీదికెక్కించాడు. దించింది ఎవరు? నేను. అదీ రివర్సులో, సందులో, రెండుపక్కలా గోడలు..." చెబుతూ చెబుతూ వాడు ఆ సందులోకి వెళ్ళిపోయాడు. కుడిచెయ్యి స్టీరింగు మీదికి పోయింది. నడుం వంగింది. భుజం దిగింది. నేను సుద్దతో రెక్సిను మీద గుర్తు పెట్టాను. భుజానికి టేపు ఆనించాను.

వాడు ఆగిపోయాడు. "ఏం చేస్తున్నావ్?"

"కొలతలు తీస్తున్నా. నువ్వు బావను తిట్టుకో, ఆపకు."

వాడు సుద్ద గుర్తు చూశాడు, రాడ్డు చూశాడు. వాడికి అర్థమైంది. నిటారుగా కాబోయాడు. నేను భుజం మీద చెయ్యేసి ఆపాను. "ఇలాగే ఉండు" అన్నాను. "నాకు నువ్వు ఇలాగే కావాలి."

వాడు టేపు వైపు చూసి, "ఎంత తేడా?" అన్నాడు.

"జానకు కాస్త తక్కువ. ముందే చెప్పొచ్చు కదరా."

"ఏమని చెప్పను? వంగిపోయానని చెప్పనా? నువ్వు నన్ను చూసినప్పుడల్లా ముందు నడుం వైపే చూస్తావక్కా. నిటారుగా ఉంటే నీ మొహం తేటగా ఉంటుంది."

నేను బండి దిగి వెల్డరును పిలిపించాను. 

వెల్డరు గొల్లుమన్నాడు. "రంగు వేశాక కొయ్యమనేవాళ్ళలో నిన్నొక్కదాన్నే చూశానమ్మాయ్." కొయ్యమన్నాను. రాడ్డు కోసి, దాదాపు ఒళ్ళోకి వచ్చేదాకా వంచి అతికాడు. నీలం రంగు మాడి నల్లబడింది. మాడనీ అన్నాను. నా జంట కుట్టంతా నేనే బ్లేడుతో విప్పుకుంటూ పోయాను. బాగా వచ్చిన కుట్టును విప్పడం ఎంత బాధో ఇంకో దర్జీకే తెలుస్తుంది. వీపుపలక మధ్యలో స్పాంజి తొలిచేసి, ఎడమభుజం వెనక మెత్త పెంచి, వంగిన నడుం వంగినట్టే ఆనేలా మళ్ళీ కుట్టాను. సీటు మునుపటంత అందంగా లేదు. వాడు కూర్చున్నాడు. పిడి నొక్కి మొదటి గేరులోకి తోశాడు. చప్పుడు లేదు. వాడు తీసి మళ్ళీ వేశాడు, మళ్ళీ తీశాడు, మళ్ళీ వేశాడు.

తనిఖీ రోజున బండిలో వాడి పక్కన అధికారిణి ఒక్కతే కూర్చుంది. నన్ను గోడ దగ్గర నిలబడమన్నారు. ఎత్తు మధ్యలో తెల్లగీత మీద బండి ఆగింది. కదల్లేదు. ఇంజను గొంతు పెరిగింది. బండి వెనక్కి జారబోయి ఆగింది. ఆ తర్వాత ముక్కు పైకెత్తి, ఎక్కుతూ పోయి, పైన మలుపు తిరిగింది.

అధికారిణి దిగి కాగితం మీద సంతకం చేస్తూ, "గేరు రాడ్డు ఇంత దగ్గరికి వంచారేంటి? మామూలువాళ్ళకి ఒళ్ళో తగుల్తుంది" అంది.

"మామూలువాళ్ళ కోసం చెయ్యలేదండి" అన్నాను.

కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, రెండోవైపుకు వెళ్ళి తలుపు తెరవబోయాను. వాడు లోపలినుంచి వంగి, "అక్కా, నువ్వు బస్సులో వెళ్ళగలవా?" అన్నాడు.

"ఏం, బండిలో చోటు లేదా?"

"చోటుంది." కాసేపు స్టీరింగు వైపు చూశాడు. "ఒక్కణ్ణే వెళ్దామనుందక్కా."

నాకు చెంపమీద కొట్టినట్టయింది. ఇంత చేస్తే నన్ను వదిలేసిపోతాడా అనిపించింది. మరుక్షణమే ఇన్నాళ్ళూ నేను దేనికోసం పంతం పట్టానో గుర్తొచ్చింది. తలుపు మీదినుంచి చెయ్యి తీశాను. జాగ్రత్త అని నోటిదాకా వచ్చినదాన్ని మింగేశాను. బండి గేటు దాటి, మా ఇంటివైపు కాక రెండోవైపు తిరిగి వెళ్ళిపోయింది. బస్సులో కళ్ళొత్తుకుంటుంటే పక్కనున్నామె ఎవరు పోయారమ్మా అని అడిగింది.

చీకటి పడబోతుండగా వాడొచ్చాడు. బానెట్టు పొయ్యిలా కాలుతోంది. చక్రాలకు తొట్టిదాకా ఎర్రమట్టి. ఆ ఆఫీసు దారిలో గానీ మా వీధుల్లో గానీ ఎర్రమట్టన్నది లేదు. ఎక్కడికెళ్ళావని అడగబోయిన మా ఆయన కాలు గట్టిగా తొక్కాను. వాడు చేతులు కడుక్కుని, కడుపునిండా తిని, పడుకున్నాడు. ఆ మట్టి ఎక్కడిదో నాకు ఇప్పటికీ తెలియదు.