నాలుగో టైరు

ప్రతి సోమవారం ఎండ రేకుల షెడ్డు మీదికి ఎక్కకముందే మల్లిక కారు టైర్లలో గాలి చూస్తుంది. పొద్దెక్కితే టైర్లు కాగి మీటరు ఎక్కువ చూపిస్తుంది. అది నమ్మి గాలి తీశామా, తెల్లారేసరికి టైరు సోలిపోతుంది. ఇవన్నీ మామ జానయ్య నేర్పినవే. చలికాలం గాలి ముడుచుకుంటుంది, కాస్త ఎక్కించాలి. ఎండాకాలం గోనెసంచులు అడ్డం కట్టాలి. వానలకు ముందు గాడిలో రూపాయి బిళ్ల పెట్టి ఎంత అరిగిందో చూడాలి. కదలని బండికి టైరు ఒకే చోట చదునవుతుంది కాబట్టి నెలకోసారి జానెడు ముందుకో వెనక్కో తొయ్యాలి.

ఇంత సేవ చేయించుకునే ఆ ఎర్ర స్పోర్ట్స్ కారు ఏడాదికి రెండుసార్లు రోడ్డెక్కితే గొప్ప. నకిరేకల్ దగ్గరి ఆ బత్తాయి తోట, ఆ కారు, తోటలో వీళ్లుండే గది, అన్నీ హైదరాబాదు సారువే. వారం వారం ఆయన ఫోనుకు మీటరు ఫోటో పోవాలి. పోయినన్నాళ్లు గది ఉంటుంది. కిందటి దసరాకు జానయ్యకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. మల్లిక భర్త విజేందర్ లారీ మీద నెలకోసారి వచ్చి పోతాడు. అత్త నాగులమ్మ పొయ్యికాడి నుంచి కదలదు, నోరు విప్పదు. ఇక మిగిలింది మల్లిక.

మల్లిక నర్సు చదువు చదివింది. నారాయణపేట దవాఖానలో ఉద్యోగమొచ్చింది, శుక్రవారం లోపల చేరాలి. ఆ కాగితం బియ్యం డబ్బాలో పెట్టి పది రోజులైంది. వద్దని ఎవరైనా అంటే కొట్లాడేదే. ఎవరూ అనలేదు. "చూద్దాం తియ్" అన్నాడు విజేందర్ ఫోన్లో. మామ మొహం తిప్పుకున్నాడు. అత్త పెనం మీద రొట్టె తిప్పింది. తలుపులన్నీ బార్లా తీసే ఉన్నాయి, అడుగు మాత్రం బయటపడదు. మల్లికకు ఊపిరాడటం లేదు.

అందుకే టైర్లలో గాలి పెరుగుతోంది. పంపు ముట్టకుండానే వారానికి మూడో నాలుగో పెరుగుతుంది. ఇందులో వింతేం లేదు. ఇంట్లో మనిషి మింగిన మాట దగ్గర్లో ఉన్న టైరులోకే కదా పోయేది, సైకిలున్న ప్రతి ఇంటికీ తెలిసిందే. మల్లిక పిన్ను నొక్కుతుంది. "పోత... నేను పోత..." అంటూ తన గొంతే సుయ్యిమని బయటికొస్తుంది. ముల్లు ఉండాల్సిన ముప్పై రెండుకు దిగగానే మూత బిగించి ఫోటో తీస్తుంది.

మూడు టైర్లకే ఈ మర్యాద. నాలుగోది వంటగది గోడకు ఆనుకొని ఉంటుంది, చెయ్యి పట్టదు. జానయ్యైతే కింద పడుకొని చెయ్యి దూర్చేవాడు. మల్లిక కాలితో ఒక్కటి తన్ని, గట్టిగానే ఉందిలే అనుకునేది.

మిరుగు కార్తె ఇంకా రాలేదు, ఎండలు తగ్గలేదు. బుధవారం మిట్టమధ్యాహ్నం సారు ఫోన్ చేశాడు. ఆదివారం వస్తున్నాడట, కారు సిద్ధంగా ఉండాలట. తోట కూలీలు కారును వాకిట్లోకి తోశారు. మల్లిక నాలుగో టైరుకు మీటరు పెట్టింది. నలభై ఆరు! హైవే మీది పంక్చర్ల ఏసోబుకు కబురు పెడితే మోపెడ్ మీద ఉరికొచ్చాడు.

"ఎండల గాలి తియ్యొద్దు గాని, గిది మాటల గాలి బిడ్డా. ఆగితే పగుల్తది" అన్నాడు ఏసోబు. "గిన్ని మింగినవా? జర మాట్లాడుకోండ్రి ఇంట్ల. తియ్."

మల్లికకు చచ్చేంత సిగ్గేసింది. మామ మంచం వాకిట్లోనే ఉంది. ఇన్నాళ్ల తన ఆరాటమంతా అందరి ముందు బయటపడబోతోంది. పళ్లు బిగించి పిన్ను నొక్కింది.

వచ్చిన గొంతు తనది కాదు.

"పో బిడ్డా" అంది టైరు, నాగులమ్మ గొంతుతో. "నాకు చేతుల్లేవా? గాలి చూసుడు నాకు రాదా? గీ తోటకొచ్చిన కాన్నుంచి ఒక్కపారన్న ఆలంపూర్ పోయి జోగులాంబను చూడాలనుకున్న. ఎవలూ పొమ్మనలే. నువ్వన్న పో."

ముప్పై రెండు దాకా టైరు చెబుతూనే ఉంది. ఏసోబు తల వంచుకొని, చూసిన గాడినే మళ్లీ రూపాయి బిళ్లతో చూశాడు. మంచం మీద జానయ్య ఎడమచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. లోపల రొట్టె మాడిన వాసన వచ్చింది.

పిండి చేతులు కొంగుకు తుడుచుకుంటూ నాగులమ్మ గడప దాటి వచ్చింది.

"ఇన్నవు గదా, మళ్ల చెప్పియ్యకు. గా మీటరు ఎట్ల పట్టాలె, సూపియ్."

"అత్తమ్మా, మామను ఎవలు..."

"నేను లేనా? ఆయన నోటితోని చెప్తడు, నేను చేతితోని చేస్త."

జానయ్య అవునన్నట్టు తలూపాడు. మల్లిక అత్త చేతిలో మీటరు పెట్టింది. ఆ చెయ్యి వదలడానికి చాలాసేపు పట్టింది.

గురువారం మల్లిక బస్సెక్కింది. ఆదివారం సారు వచ్చి, నాలుగు చుట్లు తిరిగి, కారును మళ్లీ షెడ్డులో పెట్టి పోయాడు. సోమవారం పొద్దున దవాఖాన వార్డులో ఉండగా మల్లిక ఫోనుకు ఒక ఫోటో వచ్చింది. పచ్చబొట్టు చెయ్యి, అందులో మీటరు, ముల్లు ముప్పై రెండు మీద. దాని వెనకే నాగులమ్మ రికార్డు చేసి పంపిన మాట. పుట్టి బుద్ధెరిగాక ఆమె ఫోన్లో మాట్లాడటం అదే మొదలు, అందుకే అరిచినట్టు మాట్లాడింది.

"నాలుగో దాంట్ల ముప్పయ్యే ఉండె బిడ్డా! పంపు వెట్టి రెండు కొట్టిన!"

మల్లిక దాన్ని మళ్లీ పెట్టుకొని విన్నది.