ఇన్షిరాహ్ గుమ్మంలో అట్టపెట్టె

ఫిక్రీగారు మా వంటశాలకి అధ్యక్షుడిగా వచ్చిన ఏడాది, అక్కడ ఊరికే పనిచేసే మాకందరికీ కృతజ్ఞత చెప్పాలన్న ఆలోచన ఆయనకి పుట్టింది. అంతకుముందు ఎవరికీ పుట్టలేదు. రంజాన్ నెలంతా మా బహరీ పేటలో లేనివాళ్ళకి ఇఫ్తార్ వండి పెడతాం. పండగ వస్తుంది. గుండిగలు తోమి బోర్లించి, ఇళ్ళకి పోయి నడుం వాలుస్తాం. ఎవరైనా "అల్లా మీ చేతులు చల్లగా ఉంచుగాక" అంటే "మీవీ" అంటాం. నాకు అదే చాలనిపించేది.

ఫిక్రీగారికి చాలలేదు. అలెగ్జాండ్రియా ఓడరేవులో కస్టమ్స్ అధికారిగా చేసి రిటైరైన మనిషి. భార్య పోయింది, పిల్లలు లేరు, బూట్లు మాత్రం ఎప్పుడూ మెరుస్తుంటాయి. మంచివారే. మంచివాళ్ళతో తంటా ఏమిటంటే, మంచి చేసే ముందు ఎవర్నీ అడగరు.

"జీతం లేకుండా చేసేవాళ్ళని గుర్తించాలి తహానీ," అన్నారు నాతో, రంజాన్ ఇంకా కొద్ది రోజులుందనగా.

"గుర్తించండి. పండక్కి తలా ఒక డబ్బా కహ్క్ బిస్కెట్లు పంపండి, మా ఆయన కూడా సంతోషిస్తాడు."

"బిస్కెట్లేంటమ్మా, నాలుగు రోజులకి అయిపోతాయి. ఇంటికి పనికొచ్చేది ఇవ్వాలి."

ఏమిటా పనికొచ్చేది అని నేను అడగలేదు. ఎదురుగా బస్తాడు పప్పు ఏరాల్సి ఉంది.

ఆయన చందాల సొమ్ము ముట్టుకోలేదు, అంతా సొంత జేబులోంచే పెట్టారు. ప్రతి రంజాన్‌కి ముందు మేం పేద ఇళ్ళకి ఒక అట్టపెట్టె పంపుతాం. బియ్యం, నూనె, చక్కెర, ఎర్రపప్పు, మాకరోనీ, ఖర్జూరాలు. పైన నీలం టేపు, మా సంఘం ముద్ర. సరిగ్గా అలాంటివే ఇంకొన్ని కట్టించారు మాకోసం. పేదలకిచ్చేదానికి తీసిపోని సరుకే మీకూ ఇవ్వాలనుకున్నానమ్మా అని తర్వాత నాతో అన్నారు. ఒక్కో పెట్టెలోనూ బంగారు అక్షరాలతో ధన్యవాదాల కార్డు కూడా పెట్టించారు. కార్డు లోపల ఉంది. టేపు పైన ఉంది.

పంపింది కూడా ఎప్పుడూ పంపే బండి మీదే. బండి తోలే సుబ్హీకి మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కలేడు. అందుకని సందులో బండి ఆపి, ఎవరో ఒకరు కిందికి దిగేదాకా ఇంటివాళ్ళ పేరు పెట్టి అరుస్తాడు. ఏళ్ళ తరబడి అలాగే పంచుతున్నాం. అందులో తప్పేముందో మాకెవరికీ తోచలేదు. పంచేవాళ్ళ చెవికి ఆ అరుపు సోకదు కదా.

నా పేరు కూడా అరిచాడు. మా ఆయన వెళ్ళి పెట్టె మోసుకొచ్చి బల్ల మీద పెట్టి, "మనమెప్పుడు బీదవాళ్ళమైపోయామే, నాకు చెప్పనేలేదు," అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. కార్డు చూశాక నవ్వొచ్చింది. ఖర్జూరం ఒకటి నోట్లో వేసుకున్నాక ఇన్షిరాహ్ అక్క గుర్తొచ్చి, నవ్వు ఆగిపోయింది.

ఇన్షిరాహ్ అక్క మా వంటశాలకి పెద్ద దిక్కు. ఆవిడ తెడ్డు పట్టనిదే మా గుండిగ పొయ్యెక్కదు. కానీ ఆవిడ మొదట మా దగ్గరికి వచ్చింది వంటకి కాదు. భర్త వేటకి పోయిన పడవ తిరిగి రాని సంవత్సరం, సుబ్హీ ఆవిడ ఇంటి కింద నిలబడి పేరు అరిచాడు. మర్నాడు పొద్దున్నే ఆ అట్టపెట్టె నెత్తిన పెట్టుకుని వంటశాలకి నడిచొచ్చింది. విప్పలేదు. మా ముందు దింపి, "దీన్ని ఎవరికైనా ఇవ్వండి," అని, కింద కూర్చుని ఉల్లిపాయల బస్తా దగ్గరికి లాక్కుంది. అప్పట్నుంచి ఆవిడ రాని రంజాన్ లేదు. చేపల బజారులో చేపలు బాగుచేసిపెట్టి బతుకుతుంది. చేతికి నాలుగు డబ్బులు ఎక్కువ రావచ్చు, తక్కువ రావచ్చు, ఇఫ్తార్ గుండిగ ముందు మాత్రం ఆవిడ పెట్టే మనిషి. ఆ మాట మీదే ఆవిడ ఆ సందులో తలెత్తుకుని తిరుగుతోంది.

అలాంటి మనిషి ఇంటి కింద సుబ్హీ మళ్ళీ బండి ఆపి పేరు అరిచాడు. తీసుకుపొమ్మని ఆవిడ బాల్కనీ నుంచి చెయ్యి ఊపిందట. "దీని మీద నీ పేరే ఉందమ్మా," అని వాడు పెట్టెని మెట్ల దగ్గర పెట్టేసి పోయాడట. ఎదురింటి దౌలత్ బట్టలారేస్తూ, "అల్లా నీ కష్టాలు తీరుస్తాడులే ఇన్షిరాహ్," అందట, సందు ఈ చివర్నుంచి ఆ చివరకి వినబడేలా.

ఆ మర్నాడు అక్క వంటశాలకి రాలేదు. ఆ తర్వాతి రోజూ రాలేదు. రంజాన్ నెలవంక ఇంకో నాలుగైదు రోజుల్లో కనిపిస్తుంది, మాకేమో ఎంత బియ్యానికి ఎంత నీళ్ళో కూడా వాదులాటే. నేను తలగుడ్డ సర్దుకుని ఆవిడ ఇంటికి బయల్దేరాను.

పెట్టె ఇంకా మెట్ల దగ్గరే ఉంది. దాన్ని దాటుకుని పైకెక్కాను. అక్క నేల మీద కూర్చుని చేపల కత్తి నూరుకుంటోంది. నన్ను చూసి లేవలేదు.

"పంపింది ఆయనేగా," అంది.

"పొరపాటైంది అక్కా. అందరికీ పంపాడు. నాకూ వచ్చింది."

"నీకు మొగుడున్నాడు. నీ గుమ్మంలో పెట్టె చూస్తే నవ్వుకుంటారు. నా గుమ్మంలో చూస్తే జాలిపడతారు."

"లోపల కార్డు ఉందక్కా. థాంక్స్ చెప్తూ రాయించాడు."

"లోపలేముందో సందుకి కనబడుతుందా?" కత్తి పక్కన పెట్టింది. "ఇన్నేళ్ళు చేసి చేసి, చివరికి బండి వాడి నోట్లో నా పేరు తీసుకునేవాళ్ళలోనే ఉండిపోయింది తహానీ. ఇక నేను రాను. ఆయన్ని వేరే మనిషిని చూసుకోమను."

ఆవిడ ఏడ్చి ఉంటే నాకు సులువయ్యేది. ఏడవలేదు. మళ్ళీ కత్తి అందుకుంది.

నేను నేరుగా ఫిక్రీగారి ఇంటికి పోయి, సోఫా మీద కూర్చోకుండానే ఆయన్ని కడిగేశాను. ఆయన మొహం పాలిపోయింది. ఆవిడ సంగతి ఆయనకి తెలీదు, ఎవరూ చెప్పలేదు, అది నిజమే. కానీ ఆ క్షణాన నాకు జాలి కలగలేదు.

"సభ పెడదాం," అన్నారు. "పేటలో అందరి ముందూ వేదిక మీదికి పిలిచి, సర్టిఫికెట్ ఇచ్చి, జ్ఞాపిక..."

"మళ్ళీ పేరు పెట్టి పిలుస్తారా? ఈసారి మైకులోనా?"

"పోనీ వెళ్ళి క్షమాపణ అడుగుతాను. ఏం పట్టుకెళ్ళను? మిఠాయి?"

"ఏమీ పట్టుకెళ్ళకండి. పట్టుకెళ్ళబట్టే కదా ఇంత జరిగింది." నాకు అప్పుడే తట్టింది, తట్టీ తట్టకముందే అనేశాను. "ఆకలితో వెళ్ళండి."

"అంటే?"

"వెళ్ళి అన్నం పెట్టమనండి."

"విధవరాలి ఇంటికి పోయి అన్నం అడగమంటావా? అందరూ ఏమనుకుంటారు?"

"అందరూ అనుకోవాలనే."

మర్నాడు మధ్యాహ్నం నమాజు వేళ దాటాక ఇద్దరం ఆ సందులోకి వెళ్ళాం. ఆయన పొద్దున్నుంచి నిజంగానే ఏమీ తినలేదు, మాటంటే మాటే ఆయనకి. బాల్కనీ కింద నిలబడి గొంతు సవరించుకున్నారు. ఓడల మీద సరుకులు ఆపించిన మనిషి, ఆ నాలుగు ముక్కలు అనడానికి చెమటలు కక్కారు.

"ఇన్షిరాహ్‌గారూ, ఫిక్రీని. ఆకలేస్తోంది. ఇంట్లో తినడానికేమైనా ఉందా?"

బాల్కనీల్లో బట్టలారేసే చేతులు ఆగిపోయాయి. అక్క బయటికొచ్చి ముందు ఆయన్ని చూసింది, తర్వాత నన్ను. ఇదంతా నా పనేనని ఆవిడకి తెలిసిపోయింది. పొమ్మంటుందేమో అనుకున్నాను. కానీ గుమ్మం ముందు ఆకలని నిలబడ్డ మనిషిని పొమ్మనడం మా వైపు ఎవరివల్లా కాదు, ఎంత కోపమున్నా సరే.

"వంట కాలేదు," అంది ముక్తసరిగా.

"కూర్చుంటాను."

అక్క ఎదురింటివైపు తిరిగి గొంతెత్తింది. "దౌలత్, మీ కుర్చీలు రెండు పంపించు. ఇంటికి అతిథులొచ్చారు."

ఆ గొంతు మేం గుండిగల దగ్గర వినే గొంతే. మేమిద్దరం మెట్లెక్కాం. ఆవిడ తాడుకి కట్టిన బుట్ట కిందికి వదిలి, కూరల కొట్టువాణ్ణి కేకేసి నిమ్మకాయలూ కొత్తిమీరా తెప్పించింది. చేపలు తన దగ్గరే ఉన్నాయి. ఉల్లిపాయలు నల్లబడేదాకా వేయించి సయ్యాదియ్యా అన్నం వండింది, ఆ వాసన సందంతా పాకింది. దౌలత్ కుర్చీలు మోసుకుని తనే పైకొచ్చింది. చూసి పోదామని వచ్చినట్టుంది.

"నువ్వూ కూర్చో," అంది అక్క. "అతిథుల లెక్కలో నువ్వు కూడా ఉన్నావులే."

దౌలత్ కూర్చుంది. ఆ పూట ఒక్క మాట మాట్లాడలేదు, దౌలత్ విషయంలో అది చిన్న సంగతి కాదు.

ఫిక్రీగారు ఆవురావురుమంటూ తిన్నారు. మొదట మర్యాదకి తిన్నారు, తర్వాత మర్యాద మర్చిపోయి తిన్నారు. మధ్యలో ఒకసారి చేతిలో ముద్ద ఆపి, "అమ్మా, ఆ పెట్టె సంగతి..." అన్నారు.

"ముల్లు ఉంటుంది, చూసుకు తినండి," అంది అక్క, ఆయన కంచంలో ఇంకో చేప వేస్తూ.

ఆయన "చాలమ్మా" అన్నారు. ఆవిడ వినిపించుకోలేదు. మళ్ళీ వేసింది. వేస్తూంటే ఆవిడ మొహం చూశాను, ఆ మొహం కోసమే నేనింత దూరం వచ్చాను.

లేవబోతుంటే మిగిలిన అన్నం, చేపలు ఒక గిన్నెలో సర్ది, పైన పళ్ళెం మూసి, గుడ్డతో మూట కట్టి ఆయన చేతిలో పెట్టబోయింది. "ఒక్కరే ఉంటారటగా. రాత్రికి తినండి."

"వద్దమ్మా, ఇదెలా... నేను..." ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నారు.

"నేనిస్తే తీసుకోరా?"

ఆవిడ గట్టిగా అనలేదు. కోపంగా కూడా అనలేదు. ఫిక్రీగారు చేతులు ముందుకి చాపి మూట అందుకున్నారు.

"తహానీ, రేపు నేనొచ్చేసరికి ఉల్లిపాయలు సన్నగా తరిగి ఉండాలి," అంది అక్క మా వెనక తలుపేస్తూ. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

కింద మెట్ల దగ్గర ఆ అట్టపెట్టెని నేను ఎత్తుకున్నాను, దాన్ని వేరే ఇంటికి చేర్చాలి. ఫిక్రీగారి చేతులు ఖాళీ లేవు. గిన్నె వేడిగా ఉంది, ఆయన దాన్ని పొట్టకి ఆనించి పట్టుకుని నడుస్తున్నారు. సందు మలుపులో కాఫీ కొట్టు ఉంది. అక్కడ కూర్చున్న ముసలాయన ఒకడు మా ఇద్దర్నీ, మా చేతుల్లో ఉన్నవాటినీ ఎగాదిగా చూసి, కుర్చీలో ముందుకి వంగి ఫిక్రీగారిని అడిగాడు, "మీకెక్కడిచ్చారు బాబూ, ఇవాళ ఎక్కడ పంచుతున్నారు?"

ఫిక్రీగారి మొహం ఎర్రగా అయిపోయింది. తను ఎవరో, ఆ సంఘానికి ఏమవుతారో చెప్పడానికి నోరు తెరిచారు. నాకు స్పష్టంగా కనిపించింది, ఆ మాటలన్నీ ఆయన గొంతు దాకా వచ్చాయి. అక్కడే ఆగాయి. ఆయన మూటని ఇంకాస్త పైకెత్తి పట్టుకున్నారు.

"పంచట్లేదు బాబాయ్," అన్నారు. "ఆకలని అడిగితే ఇన్షిరాహ్‌గారు పెట్టారు."

కాఫీ కొట్టులో అందరూ విన్నారు.