వారంలో ఏ రోజైనా

నాకు ముక్కు మీద కోపం. సిటీ బస్సు నడిపేదానికి ఆ మాత్రం లేకపోతే ఎలా? అలాంటిదాన్ని తీసుకెళ్ళి డిపోలో విచారణ కిటికీ వెనక కూర్చోబెట్టారు. కుడి భుజం పట్టేసింది, చెయ్యి చెవి దాకా కూడా లేచేది కాదు. స్టీరింగు తిప్పలేని మనిషికి బస్సు ఎవరిస్తారు? ఏడాది చివరికల్లా భుజం బాగుపడితే సీటు నాదేనని, లేకపోతే కిటికీ ఉద్యోగమే ఖాయం చేస్తామని మేనేజరు చెప్పేశాడు.

కిటికీ ఉద్యోగం తక్కువదని కాదు. కాకపోతే బస్సు కళ్ళెదురుగా బోర్డు పెట్టుకుని నిలబడి ఉన్నా, "బస్సు వచ్చిందా?" అని అడిగే జనానికి నవ్వుతూ జవాబు చెప్పడం నా వల్ల కాదు. దానికి తోడు నేను నడిపిన బస్సే రోజూ నా ముందు నుంచి వెళ్ళేది. కొత్తతను గేరు మార్చినప్పుడల్లా అది మూలిగేది. నాకు ప్రాణం ఉసూరుమనేది.

భుజానికి వ్యాయామాలు నేర్పింది క్లినిక్‌లో ఫిజియో అమ్మాయి. కర్ర పట్టుకుని చేతులు పైకెత్తడం, గోడ మీద వేళ్ళను పాకించడం, అంతే. వారానికి నాలుగు సార్లు చాలంది. మా ఆయనకు అది రుచించలేదు. ఆయనది గడియారాల రిపేరు షాపు. మనిషీ గడియారమే.

"నాలుగు రోజులు నడిచి మూడు రోజులు ఆగే గడియారాన్ని ఏమంటారు? చెడిపోయిందంటారు. రోజూ చేస్తే ఇంకా తొందరగా తగ్గుతుంది కదా!" అని నా ఫోన్లో అలవాట్లు గుర్తుపెట్టే యాప్ ఒకటి వేసి, 'రోజూ, ఉదయం ఆరున్నర' అని పెట్టేశారు. నిజమే కదా అని నేనూ తలూపాను.

ఆయన షాపు తెరిచే వేళ మారదు. నా డ్యూటీ అలా కాదు. ఒక వారం తెల్లవారకముందే కిటికీ దగ్గర ఉండాలి, ఇంకో వారం మధ్యాహ్నం ఎక్కి చీకటి పడ్డాక దిగాలి. కొన్నాళ్ళు పళ్ళ బిగువున చేశాను. తెల్లవారుజాము డ్యూటీ రాగానే ఒక రోజు తప్పింది. యాప్‌లో ఆ రోజు మీద ఎర్ర గుర్తు పడింది, కింద 'మీ వరుస తెగిపోయింది' అని కూడా రాసింది. ఫోను సోఫాలోకి విసిరికొట్టి అన్నం మానేసి పడుకున్నాను. ఎలాగూ తెగింది, సోమవారం నుంచి మొదలుపెడదాం అనుకున్నాను. సోమవారాలు వచ్చాయి, పోయాయి. వారంలో ఒకసారి చేస్తే గొప్ప. ఆ యాప్ నోరు నొక్కేసి, మళ్ళీ దాని మొహం చూడలేదు.

క్లినిక్‌కి వెళ్ళే రోజు వచ్చింది. మా అత్తయ్య కూడా నాతో బయలుదేరింది. ఫిజియో నా చెయ్యి ఎత్తి చూసింది. ఎక్కడిది అక్కడే ఉంది. వ్యాయామాల లెక్క చూడాలని ఫోను అడిగి తీసుకుని యాప్ తెరిచింది. ఆమె ముఖంలో రంగు మారింది.

"ఒక్క రోజు కూడా మానలేదు మీరు! ఇంత చేసినా చెయ్యి లేవడం లేదంటే ఇక వ్యాయామంతో అయ్యేది కాదండీ. సర్జన్ గారికి రాసిస్తాను. ఆపరేషన్ అయ్యాక బస్సు సంగతి మాత్రం నేను చెప్పలేను."

ఫోను లాక్కుని చూశాను. నెలంతా పచ్చగా ఉంది. ఒక్క ఎర్ర గుర్తు లేదు. ఇది మా ఆయన పనేనని అరికాలి మంట నెత్తికెక్కింది. అక్కడికక్కడే ఆయన నంబరు నొక్కబోయాను.

"వాణ్ణి ఏమీ అనకమ్మా," అంది అత్తయ్య, చేతిసంచీలోకి చూస్తూ. "నేనే నొక్కాను."

"మీరా? ఎందుకత్తయ్యా?"

"ఆ ఎర్రటిది చూసి ఆ రోజు నువ్వు ముద్ద ముట్టలేదు. డ్యూటీ నుంచి వచ్చి ఒళ్ళు తెలియకుండా పడుకుంటావు. ఫోనేమో వంటింట్లో చార్జింగులో ఉంటుంది. వేలు పెడితే పచ్చగా అయిపోతోంది కదా అని... మళ్ళీ ఎప్పుడైనా చూస్తే నీ మనసు కష్టపడకూడదని రోజూ నొక్కేశాను. డాక్టర్లు కూడా అది చూస్తారని నాకేం తెలుసమ్మా?"

అరుద్దామని నోరు తెరిచాను. అంతలోనే ఆ దృశ్యం కళ్ళ ముందు మెదిలింది. నేను నిద్రపోతుంటే ఈవిడ పొయ్యి దగ్గర నిలబడి, కళ్ళజోడు సవరించుకుని, నా కోసం ఆ గుండ్రటి గుర్తును వెతుక్కుని నొక్కిందన్నమాట. ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. నేను చేసిందెంతో ఫిజియోకి ఉన్నదున్నట్టు చెప్పేశాను.

ఆ అమ్మాయి పడీపడీ నవ్వి కలం మూసేసింది. "నేను చెప్పింది వారానికి నాలుగు కదా, రోజూ అని ఎవరు పెట్టారండీ?" అంటూ యాప్‌లో ఏదో మార్చింది. "ఇప్పుడు వారానికి నాలుగు. ఏ రోజు, ఎప్పుడన్నది మీ ఇష్టం. ఒక రోజు తప్పితే వారం పోయినట్టు కాదు."

అంత చిన్న సంగతికి నాకు గుండెల మీంచి బరువు దిగింది. తెల్లవారుజాము డ్యూటీ వారం మధ్యాహ్నాలు చేశాను, మధ్యాహ్నం డ్యూటీ వారం కాఫీకి ముందు చేశాను. డ్యూటీ చార్టు ఫ్రిజ్ మీద అంటించి, ఖాళీలు వెతికే పని అత్తయ్య తీసుకుంది. మా ఆయన రెండు రోజులు మూతి ముడుచుకుని, మూడో రోజు కర్టెన్ రాడ్డు ఒకటి నున్నగా చేసి నా వ్యాయామానికి కర్రగా తెచ్చిచ్చారు.

డిపోలో నా చేత బస్సు నడిపించి చూసే పరీక్షకు ముందు వారం, ఆదివారం సాయంత్రానికి మూడే అయ్యాయి. ఒళ్ళు హూనమైపోయింది.

"మూడు చాల్లెండి. నాలుగోది మీరే నొక్కెయ్యండి," అన్నాను అత్తయ్యతో.

ఆమె ఫోను వెనక్కి దాచుకుంది. "నొక్కను. ఆదివారం ఇంకా అయిపోలేదు. లే!"

నేను ఒంటికాలి మీద లేచాను. ఆమె మాత్రం లెక్కచేయలేదు, కర్ర తెచ్చి నా చేతిలో పెట్టింది. తిట్టుకుంటూనే చేశాను. ఆ సాయంత్రం గోడ మీద నా వేళ్ళు తలను దాటి పైకి వెళ్ళాయి. వెనక్కి తిరిగి చూస్తే అత్తయ్య చీర చెంగుతో కళ్ళు తుడుచుకుంటోంది.

పరీక్ష రోజు బస్సును డిపో ఆవరణలో ఎనిమిది అంకెలా తిప్పమన్నారు. స్టీరింగు ఆ చివరి నుంచి ఈ చివరికి తిరిగింది. నొప్పి లేదని అనను, చెయ్యి మాత్రం ఆగలేదు. సీటు నాకు ఇచ్చేశారు.

మొదటి డ్యూటీ రోజు డిపో దాటి మొదటి స్టాపులో ఆపాను. అందరికంటే ముందు అత్తయ్య నిలబడి ఉంది, ఇస్త్రీ చీర కట్టుకుని. మెట్టు ఎత్తుగా ఉందని సీట్లోంచి లేచి వెళ్ళి నా కుడి చెయ్యి చాచాను. పట్టుకుని ఎక్కింది.

"ఎక్కడికి అత్తయ్యా ఇంత పొద్దున్నే?"

"ఎక్కడికీ లేదమ్మా. నువ్వు ఎంత దూరం వెళ్తే అంత దూరం."